సంధ్యారాణి కథలకు ఊఁ కొట్టినావిడ

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందుల్లోకి వెళ్ళి సంధ్యారాణి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ‘ఫాల్స్ కుట్టే సంధ్య’ అంటే మాత్రం ఇస్త్రీ బండి మనిషి దగ్గర్నుంచి కోచింగ్ పిల్లలకి టిఫిన్లు అమ్మే ఆవిడ దాకా అందరూ చెయ్యి చాపి చూపిస్తారు. పాత డాబా ఇంట్లో కింది వాటా. ముందు గదిలో పీకో మిషను, గోడ పొడుగునా రంగురంగుల దారాలు, ఒక మంచి చేతుల కుర్చీ. ఆ కుర్చీలో మనిషన్నవాళ్ళు కూర్చోగా చూసినవాళ్ళు లేరు. కుట్టాల్సిన చీరల గుట్ట ఎప్పుడూ అందులో రాణిలా కూర్చుని ఉంటుంది. వచ్చినవాళ్ళకి చాపే.

పుట్టింది నల్గొండ పక్క పల్లెలో. చదివింది ఏడో తరగతి. మహిపాల్‌ని చేసుకుని పట్నం వచ్చింది. అతను ఎల్బీనగర్‌లో ఒక లారీల షెడ్డులో మెకానిక్కు. ఆమె ఒక చీరల కొట్టుకి ఫాల్స్ కుట్టిపెడుతూ పని నేర్చుకుని సొంతంగా నిలబడింది. మిషను మీద టకటకా కుట్టి పారేసేవాళ్ళు వీధికొకరున్నారు గానీ, పట్టుచీరకి చేతికుట్టే కావాలనేవాళ్ళు సంధ్యారాణి గుమ్మమే ఎక్కుతారు. చీర తిరగేసి చూసినా సూది పడ్డ జాడ కనపడకూడదు. అది ఆమె పంతం.

అలాంటి మనిషికి కథలు రాయాలన్న పిచ్చి ఎందుకు పట్టిందయ్యా అంటే, కుళ్ళుతో పట్టింది. మర్యాదగా చెప్పుకోవడానికి ఇంకో కారణం వెతికినా దొరకదు.

పై అంతస్తులో మృదుల అని ఒకమ్మాయి అద్దెకుంటుంది. విజయవాడ పిల్ల. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది, ఇంటికొచ్చి ఫోన్లో ఒక కథల యాప్‌లో ప్రేమకథలు రాస్తుంది. ఒక సాయంత్రం ముగ్గురు ఆడపిల్లలు గేటు దగ్గర మృదులని పట్టుకుని, “మేడమ్, ఆ కథ రాసింది మీరేనా!” అంటూ చుట్టూ చేరి గంతులేశారు. సంధ్యారాణి చీరల మూట చంకనేసుకుని అప్పుడే బయటికొచ్చింది. అందులో ఒక పిల్ల తన ఫోను ఆమె చేతిలో పెట్టి, “ఆంటీ, మాకొక ఫోటో తీస్తారా ప్లీజ్” అంది.

మూట కింద పెట్టి ఫోటో తీసింది. నలుగురూ పళ్ళికిలించి నవ్వుతున్నారు. ఆ నవ్వు అన్నం తింటుంటే గుర్తొచ్చింది, గిన్నెలు తోముతుంటే గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున మృదుల కథలన్నీ చదివి పారేసింది.

“గింతేనా? గిట్లయితే నాకు రాదా?” అంది మహిపాల్‌తో.

“ఒస్తది, ఒస్తది. ముందుగాల చాయ్ పొయ్యి” అన్నాడు మహిపాల్.

మృదుల కథల్లో వెన్నెల ఎక్కువ. ‘వెన్నెల ఆమె మౌనాన్ని కౌగిలించుకుంది’ లాంటి మాటలుంటాయి. సంధ్యారాణి కూడా అలాగే రాయబోయింది. అయితే తన కథ మిట్టమధ్యాహ్నం జరుగుతుంది కాబట్టి వెన్నెల తీసేసి ఎండ పెట్టింది. రాసినదాన్ని చదివి వినిపించడానికి ఆమెకి ఉన్నది ఒక్కరే, శేషారత్నం.

శేషారత్నం కూడా పై అంతస్తే, మృదుల గుమ్మానికి ఎదురు గుమ్మం. రేపల్లె వైపు మనిషి, డెబ్బై దాటింది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి వెళ్ళగానే మోకాళ్ళు పట్టుకుని మెట్టు మెట్టూ దిగి సంధ్యారాణి చాప మీద కూలబడుతుంది. ఏ ఇంట్లో ఏ కూరో, ఎవరి పెళ్ళి ఎందుకు తప్పిపోయిందో ఆవిడకి తెలియాల్సిందే.

“ఎండ ఆమె మౌనాన్ని కౌగిలించుకుంది” అని సంధ్యారాణి గొంతు మెత్తగా చేసి చదివింది.

“ఎండ కౌగిలించుకుంటే చెమట పట్టదటే?” అంది శేషారత్నం.

“ఏంది పెద్దమ్మా, గది స్టైలు!”

“నీ మొహం స్టైలు. గొడుగేసుకుని పొమ్మను దాన్ని.”

సంధ్యారాణి ఉడుక్కుంది గానీ, ఆవిడ చెప్పింది నిజమని లోపల తెలుసు. ఆ కథని యాప్‌లో పెడితే చదివినవాళ్ళలో తనే ఎక్కువసార్లు చదివింది. మెట్ల దగ్గర మృదుల కలిసి, పాపం మంచిగానే, “మీ కథ చదివాను ఆంటీ. బాగుంది. కాకపోతే మీకంటూ ఒక స్టైల్ రావాలి. మీది అని చూడగానే తెలిసిపోవాలి” అని చెప్పి వెళ్ళింది. సంధ్యారాణికి ఒళ్ళు మండింది. స్టైల్ రావాలట. ఎక్కడ్నుంచి వస్తుంది? కోఠీలో అమ్ముతారా?

పని ఎక్కువై టైపు చేసుకునే తీరిక లేకపోయింది. మొబైల్ షాపు వాడొకడు ఫోన్లో మాట్లాడితే అదే టైపయ్యేలా, మధ్యలో మాట ఆగినా ఆరిపోకుండా ఏదో పెట్టి ఇచ్చాడు. ఇక ఫోను మిషను మీద ఆనించి, ఒళ్ళో చీర, చేతిలో సూది, నోట్లో కథ. ఎదురుగా చాప మీద శేషారత్నం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఊఁ కొడుతుంది. అలా చెప్పినదాన్ని తీరిగ్గా సరిచేసి పెట్టేది. ఒకరోజు పెళ్ళివాళ్ళు చీరల కోసం గుమ్మంలో నిలబడి తొందరపెడుతుంటే, ఆ హడావిడిలో చదువుకోకుండానే వేలు తగిలించింది. కథ వెళ్ళిపోయింది. రాత్రి భోజనాలయ్యాక చూసుకుంటే అది ఇలా ఉంది:

‘యాదమ్మ సంచిల కోడిపుంజును పెట్టుకుని బస్సెక్కింది ఊఁ కండక్టరొచ్చి సంచిల ఏమున్నదన్నడు ఊఁ చెప్పవే సూదిలోకి దారం తర్వాత ఎక్కిద్దువుగాని కూరగాయలన్నది గప్పుడే పుంజు కూసింది అయ్యయ్యో అయిపోయింది దాని పని కోడికి కూడా టికెట్ కొట్టాడా ఏంటి ఆగు పెద్దమ్మా చెప్తున్న కద’

సంధ్యారాణి తల పట్టుకుంది. తీసేద్దామని చూస్తే అప్పటికే కథ కింద కామెంట్లలో జనం గుమిగూడి ఉన్నారు. నవ్వలేక చచ్చామంటారొకరు. మా అమ్మమ్మ పక్కన కూర్చున్నట్టుందంటారు ఇంకొకరు. కథ చెప్పే తీరు కొత్తగా ఉందంటారు. అంతా బాగానే ఉంది. కానీ నాలుగింట మూడు ఒకే మాట: ‘ఆ ఊఁ కొట్టే పెద్దావిడ ఎవరండీ? ఆవిడ సూపర్!’

ఇంత కథ చెప్పింది తను. పుంజుని సంచిలో పెట్టింది తను, కూయించింది తను. చిక్కుడుకాయలు ఒలిచినావిడ సూపరా?

మర్నాడు శేషారత్నం దిగి వచ్చి, “నిన్నటి కథ పెట్టావా? ఎవరేమన్నారు?” అని అడిగింది.

“ఆఁ, మంచిగుందన్నరు” అని ఊరుకుంది సంధ్యారాణి. పెద్దావిడ మాట ఎత్తలేదు. సూదిలో దారం ఎక్కిస్తూ తల ఒంచుకుంది.

వారం తిరక్కుండా యాప్ వాళ్ళ దగ్గర్నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. దసరాకి ఎంపిక చేసిన కథలని గొంతుతో చదివించి వినిపిస్తారట. బతుకమ్మ మొదలయ్యేలోగా ఒక కథ కావాలట. “మీ స్టైల్లోనే ఉండాలండీ. అదే మాకు కావాల్సింది” అంది. ఫోన్ పెట్టేశాక సంధ్యారాణి కాసేపు ఇంట్లో అటూ ఇటూ తిరిగింది. మృదులని కూడా అడిగారో లేదో కనుక్కోవాలనిపించింది. అడిగారని మెట్ల మీదే తెలిసింది.

కథ తయారుగానే ఉంది ఆమె దగ్గర. నర్సవ్వ అనే ఆమె మొగుడు రోజూ ఇంటి స్టేషన్ దాకా రాకుండా ఒక స్టేషన్ ముందే దిగిపోతుంటాడు. ఎందుకు? ఎవరి కోసం? నర్సవ్వ వెనకాల వెళుతుంది. చివర ఏమవుతుందో సంధ్యారాణికి ఇంకా తెలియదు. చెబుతూ పోతే అదే వస్తుందనుకుంది. ఫోను మిషను మీద ఆనించి, చాప దులిపి పరిచింది.

శేషారత్నం రాలేదు.

మర్నాడూ రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని కాస్త బెంగ పడింది కూడా. ఆరేసిన బట్టలు తేవడానికి డాబా మీదకి పోతూ పై అంతస్తు దాటుతుంటే, మృదుల తలుపు ఓరగా తీసి ఉంది. లోపల్నుంచి వినపడింది.

“ఊఁ.”

సంధ్యారాణి మెట్టు మీదే ఆగిపోయింది. అదే ఊఁ. ముక్కులోంచి మొదలై గొంతులో దిగే ఊఁ. ఆ ఊఁ ని ఎక్కడున్నా పోల్చుకోగలదు. మహిపాల్ ఇంకొకరింట్లో భోంచేస్తూ కనిపించినా అంత మంట పుట్టేది కాదేమో.

లోపల మృదుల లాప్‌టాప్‌లోంచి గడగడా చదువుతోంది. “ఊఁ” అంటోంది శేషారత్నం. మళ్ళీ చదువు. “ఊఁ.”

“మధ్యలో అడ్డం రండి బామ్మగారూ. సంధ్య ఆంటీ కథలో వస్తారు కదా, అలా.”

“ఎక్కడ రమ్మంటావమ్మా, నువ్వు ఆపితేగా! బాగుంది, చదువు.” కాసేపాగి ఆవిడే అంది: “ఈ సోఫాలో కూర్చుంటే మోకాళ్ళకి ప్రాణం లేచొచ్చిందనుకో. కింద ఆ చాప మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి, మిషను పట్టుకోవాలి. మహాతల్లి ఇన్నాళ్ళలో ఆ కుర్చీలో చీరలు ఒక్కసారి తియ్యలేదు. పోనీలే అనుకున్నా. జనం అంతంత మెచ్చుకున్నారని నువ్వు చూపించేదాకా నాకొక్క ముక్క చెప్పిందా? మంచిగుందన్నరు, అందిట!”

సంధ్యారాణి బట్టలు తేకుండానే దిగి వచ్చేసింది. కుర్చీ వంక చూసింది. చీరల గుట్ట దర్జాగా కూర్చుని ఉంది. ‘సోఫా కావాలంట, సోఫా! రోజూ తాగిన చాయ్ ఏమాయె?’ అని సణిగింది. కుర్చీ జోలికి పోలేదు.

తనే రాసుకుంటానని పంతం పట్టింది. కుట్టు పక్కన పెట్టి, టేబుల్ ముందు కూర్చుని, రెండు వాక్యాలకో ఊఁ చొప్పున పెట్టుకుంటూ పోయింది. చదువుకుంటే సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోలు హారన్ కొట్టినట్టుంది. ఊఁ లు తీసేసింది. అప్పుడు ఉప్పు లేని పప్పులా ఉంది. పోనీ కాస్త వెన్నెల పెడదామా అని కూడా ఆలోచించిందంటే చూడండి, ఎంత దిగజారిందో.

ఆదివారం మహిపాల్‌ని చాప మీద కూర్చోబెట్టింది. “నేను కథ చెప్తుంట. నువ్వు ఊఁ కొట్టాలె. గంతే.”

“క్రికెట్ ఉన్నదే ఇయ్యాల.”

“చూసుకుంట కొట్టు.”

మొదలుపెట్టింది. “నర్సవ్వ పెనిమిటి దినాం మెట్రోల ఒస్తడు.”

“ఊఁ” అన్నాడు మహిపాల్ టీవీ చూస్తూ.

“ఇంటికాడి స్టేషన్ దాక రాడు. ఒక్క స్టేషన్ ముందుగాల్నే దిగుతడు.”

ఊఁ రాలేదు. మహిపాల్ టీవీ మీంచి చూపు తిప్పి, “ఎవడు?” అన్నాడు.

“నర్సవ్వ పెనిమిటి.”

“ఏ స్టేషన్ల?”

“ఏదో ఒకటి. చైతన్యపురి అనుకో.”

“గీ కథ నీకెవలు చెప్పిన్రు? మన ఇస్త్రీ ఆయనే చెప్పిండు కద! ఒక్కనాడు దిగిన. ఒక్కనాడే. జర గాలి పీల్చుకుందామని దిగిన.”

సంధ్యారాణి సూది ఆగింది. “నీ గురించి ఎవలన్నరయ్యా?”

మహిపాల్ చొక్కా గుండీలు సర్దుకున్నాడు. “బీపీ, బీపీ అని ఉప్పు బంద్, కారం బంద్, నూనె బంద్. గడ్డి తింటున్న ఇంట్ల. స్టేషన్ మెట్ల కింద మిర్చి బజ్జీలేస్తది ఒకామె. రెండంటే రెండు తింట. మనిషిని బతకనియ్యరా?”

ఆమెకి కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఊఁ కొట్టడానికి పనికిరాడని తేలిపోయింది గానీ, కథకి చివర దొరికిపోయింది. నర్సవ్వ కడుపు మంటతో వెనకాల పోతుంది, వాడు ఎవరి ఒళ్ళో ఉన్నాడో చూద్దామని. చూస్తే ఆ సవతి కాస్తా నూనె మూకుడు! దినుసులన్నీ ఉన్నాయి. ఊఁ కొట్టే మనిషే లేదు. బతుకమ్మ దగ్గరికొచ్చేసింది.

అలాంటప్పుడు ఒక పెళ్ళివారి పట్టుచీర వచ్చింది. నెమలికంఠం రంగు, చేతికుట్టు, ఆ మధ్యాహ్నానికే కావాలి. కథ సంగతి వదిలేసి చీర ఒళ్ళోకి తీసుకుంది. అలవాటు కొద్దీ ఫోను మిషను మీద ఆనించింది. నోరూరుకోదు కదా, కుడుతూ తనలో తను నర్సవ్వ సంగతి చెప్పుకోసాగింది. నర్సవ్వ చాటున నక్కింది. మొగుడు రైలు దిగాడు. తల దువ్వుకున్నాడు. అటూ ఇటూ చూసి మెట్లు దిగాడు. కింద ఒక ఆడమనిషి అతన్ని చూడగానే నవ్వి...

దారం అయిపోయింది.

సూది విడదీసి, కొస పళ్ళతో కొరికి, కొత్త దారం తెంపి, వెలుగుకి ఎత్తి సూది బెజ్జంలోకి గురిపెట్టింది. కళ్ళజోడు మార్చుకోవాలి, రెండుసార్లు తప్పుతుంది. ఇన్నాళ్ళూ సరిగ్గా ఇక్కడే శేషారత్నం ఉండబట్టలేక ‘చెప్పవే!’ అని అరిచేది. ఇప్పుడు గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మొగుడేమో మెట్ల కింద ఆ ఆడమనిషి ముందు నిలబడే ఉన్నాడు. దారం ఎక్కడం లేదు. ఆమెకే ఊపిరాడలేదు.

“ఊఁ... గప్పుడు?” అన్నది ఎవరో.

తన గొంతే. కానీ కథ చెప్పే గొంతు కాదు. పైవాటా మెట్ల మీద బట్టలు తేకుండా నిలబడి విన్నది చూడండి, ఆ మనిషి గొంతు.

దారం ఎక్కింది. కథ కదిలింది. “నవ్వి, కూసోమన్నది.” “ఏడ కూసోమన్నది? పక్కకా?” “స్టూలు మీద.” “స్టూలు కూడ ఏసిందా లంజముండ!” కుట్టు ఎంత నడిస్తే మాట అంత నడిచింది. దారం అయిపోయిన చోటల్లా కథ ఆగింది, ఆగిన చోటల్లా ఆ కడుపుమంట మనిషి లేచి అడిగింది: వాని మొకం ఎట్లుండె? చేతులెట్ల పెట్టుకున్నడు? నీ ఇంట్ల ఎన్నడన్న గంత ఖుషీగ ఉన్నడా? సంధ్యారాణి కొన్నిటికి జవాబు చెప్పింది, కొన్నిటికి చెప్పలేక కుడుతూ పోయింది. ఫాల్ చివర ముడేసి దారం కొరికేసరికి నర్సవ్వ మూకుడు ముందు నిలబడి, “నాకొక రెండెయ్యి” అంటోంది.

చీర మడత పెట్టి ఇచ్చేశాక ఫోను చూసుకుంది. ఈసారి తొందరపడలేదు. మొత్తం చదివింది. దారం చోట్లు ఎక్కడెక్కడో ఆమెకి తెలుస్తున్నాయి. చదివేవాళ్ళకి తెలియవు, సూది పడ్డ జాడలాగే. ఎండ లేదు, వెన్నెల లేదు. ఒక్క మాట కూడా మార్చకుండా పంపించింది. ‘నీ ఇంట్ల ఎన్నడన్న గంత ఖుషీగ ఉన్నడా’ అన్న మాట మాత్రం మళ్ళీ ఒకసారి చదువుకుని, కుర్చీ వైపు చూసింది.

లేచి చీరలన్నీ ఎత్తి మంచం మీద పడేసింది. కుర్చీ తుడిచింది. తన దిండు ఒకటి తెచ్చి వేసింది. పైకి వెళ్ళి పిలుద్దామని గుమ్మం దాకా పోయి, మృదుల సోఫా గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. ‘పోను. ఎందుకు పోవాలె?’

యాప్ వాళ్ళు కథ తీసుకున్నారు. మృదుల కథా తీసుకున్నారు. మృదులది ముందు వినిపించారు. దానికి పైకి ఏమీ అనకపోయినా ఆ పూట సంధ్యారాణి పీకో మిషను మరీ గట్టిగా తొక్కింది. మర్నాడు తనది వచ్చింది. కథ కింద మళ్ళీ జనం చేరారు. ఈసారి అడుగుతున్నది వేరే: ‘కథ ఆపి ఆపి చంపేస్తున్నారండీ. తర్వాతి కథ ఎప్పుడు?’ ఫోటో అడుగుతారేమోనని తల కూడా దువ్వుకుంది, కానీ గేటు దగ్గర ఎవరూ రాలేదు.

వచ్చింది శేషారత్నం. మెట్లు దిగుతున్న చప్పుడే వేరుగా ఉంది, మోకాళ్ళు మర్చిపోయినట్టు. గుమ్మంలో నిలబడి రొప్పుతూ ఫోను ముందుకి చాపింది.

“ఎవరే ఇది?”

“ఎవలు పెద్దమ్మా?”

“ఈ కథలో అడ్డం వచ్చేది! ‘గప్పుడు? గప్పుడు?’ అంటోంది, ఎవరది? ఎవర్ని కూర్చోబెట్టుకుంటున్నావ్ నేను నాలుగు రోజులు రాకపోతే? ఆ టిఫిన్లమ్మే ఆవిడా?”

సంధ్యారాణి చెప్పబోయింది. శేషారత్నం చూపు గదంతా తిరిగి కుర్చీ మీద పడింది. చీరలు లేవు. తుడిచి ఉంది. దిండు కూడా ఉంది.

“ఓహో” అంది ఆవిడ. “కుర్చీ కూడానా! నేను గోడ పట్టుకుని లేస్తుంటే ఇన్నాళ్ళు చూస్తూ ఊరుకున్నావ్. ఎవరో నిన్న మొన్న వచ్చినదానికి దిండేసి మరీ పెట్టావా? అంత గొప్పగా కొడుతుందా ఊఁ? నాకంటే బాగా కొడుతుందా?”

అంటూనే వచ్చి, ఎవరో లాక్కుపోతారన్నట్టు, ఆ కుర్చీలో దభాలున కూర్చుంది. కుర్చీ చేతుల మీద తన చేతులు వేసుకుంది. మోకాళ్ళు మెల్లగా చాపుకుంది. ఒక్క క్షణం కళ్ళు మూతలు పడ్డాయి హాయిగా. వెంటనే తెరిచింది.

“చెప్పవేం? ఎవరది?”

సంధ్యారాణి చాప మీద కూర్చుని కొత్త చీర ఒళ్ళోకి లాక్కుంది. దారం కొస పళ్ళ మధ్య పెట్టుకుంది. నోట్లో దారం ఉంటే ఎవరైనా ఎలా మాట్లాడతారు? సూదిని వెలుగుకి ఎత్తింది. ఒకసారి తప్పింది. కావాలనే ఇంకోసారి తప్పించింది. మోచేత్తో ఫోనుని మిషను మీద ఆనించింది.

“ఊఁ” అంది శేషారత్నం, కుర్చీలోంచి ముందుకి వంగి. “చెప్పవే, సూదిలోకి తర్వాత ఎక్కిద్దువుగాని!”